ధరల జాబితాలో కూలి గడి లేదు

పెట్రోలు ధర మారిన ప్రతిసారీ, బడ్జెట్ వచ్చిన ప్రతి ఏడూ, పండగకు నలుగురు బంధువులు ఒకచోట చేరినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. కావాలని పాతబడ్డట్టు రంగు వేసిన కాగితం బొమ్మ మీద బియ్యం కిలో ఇంత, కందిపప్పు ఇంత, వేరుశనగ నూనె ఇంత, పెట్రోలు లీటరు ఇంత, సినిమా నేల టికెట్టు ఇంత అని వరుసగా రాసి, చివర ‘ఆ రోజులు మళ్లీ రావు’ అని ముక్తాయిస్తారు. కింద చేతులు జోడించిన బొమ్మలు, నిట్టూర్పులు, ‘మా నాన్నగారు చెప్పేవారు’ అన్న సాక్ష్యాలు వచ్చి చేరతాయి. ఆ అంకెల్లో కొన్ని అతిశయోక్తులైనా ఎక్కువ భాగం నిజమే, కాబట్టి వాటితో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా ఆ కాగితంలో ఒక గడి తక్కువైందని. ఆ కిలో బియ్యం కొనడానికి ఆనాటి మనిషి ఎంతసేపు పని చేయాల్సి వచ్చేదో, ఆ బియ్యం పండించిన మనిషికి అందులో ఎంత ముట్టేదో అక్కడ రాసి ఉండదు. ఆ గడి నింపి చూస్తే చవక రోజులన్న మాటకు అర్థం చాలా చోట్ల తలకిందులవుతుంది. కొన్ని చోట్ల మాత్రం జాబితా వేసినవారు అడిగిన దానికన్నా పెద్ద ప్రశ్నే బయటపడుతుంది.

తెనాలి దగ్గరి పల్లెలో మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. అమ్మ పిల్లల పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు కుట్టి పద్దుల పుస్తకం చేసుకునేది. 1984 ప్రాంతంలో నాన్నగారి జీతం అన్నీ కలుపుకుని ఆరు వందల చిల్లర. అదే కాలంలో అమ్మ పుస్తకంలో వేరుశనగ నూనె కిలో పదిహేను రూపాయల పైమాటగా కనిపిస్తుంది. ఈ రెండో అంకెను వాట్సాప్ జాబితాలో పెడితే అందరూ ఆహా అంటారు. మొదటి అంకెను దాని పక్కన పెడితే ఆ ఆహా ఆగిపోతుంది, ఎందుకంటే నెల జీతమంతా నూనెకే పోసినా వచ్చేది నలభై కిలోల లోపు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్తగా చేరిన సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడి మూల వేతనమే ముప్పై వేలు దాటింది. నూనె కిలో నూట డెబ్బై అనుకున్నా, కరువు భత్యం కలపకుండానే, నూట డెబ్బై కిలోలకు పైగా వస్తుంది. జీతంతో కొలిస్తే ఉపాధ్యాయుడి ఇంట్లో నూనె నాలుగింతలకు పైగా చవకైంది.

అది నూనె వాడిన తీరులోనే తెలిసేది. మా ఇంట్లో నూనె సీసా మెడకు పురికొస కట్టి ఉండేది, దాన్ని పట్టుకుని కొట్టుకు వెళ్లడం నా పని. కొట్టు పెద్దాయన పొడవాటి కాడ ఉన్న కొలత గిన్నెను డబ్బాలో ముంచి, సీసా మూతిలో గరాటు పెట్టి పోసేవాడు. పోశాక గరాటును వెంటనే తీయనిచ్చేదాన్ని కాదు, చివరి చుక్క దిగేదాకా నిలబడి చూడమని అమ్మ ఆజ్ఞ. నెల మొదట్లో అరకిలో, మూడో వారంలో పావు, ఆఖరి వారంలో ఆ పావు కూడా ఖాతా మీదే. అట్లు పోసే రోజున ఉల్లిపాయను అడ్డంగా కోసి, దానికి పుల్ల గుచ్చి, ఒక్క చుక్కలో ముంచి పెనమంతా రుద్దేవారు. దాన్ని ఇప్పుడు ఆరోగ్య రహస్యమని వీడియోలు చేస్తున్నారు, కానీ ఆనాడు అది గడుపుకోవడానికి చేసిన పని. పద్దుల పుస్తకంలో నాకు ఎక్కువగా కనిపించే మాట చవక కాదు, ‘బాకీ’. ప్రతి నెల మొదటి పేజీలో పైనుంచి మొదటి వరుసలోనే అది ఉండేది.

ఇదంతా నెలకు ఒకసారి నికరంగా జీతం వచ్చే ఇంటి సంగతి. మా ఇంటి ముందు నుంచి ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్ల లెక్క వేరు. ఆ ఏళ్లలో మా వైపు ఆడకూలి రోజుకు ఐదారు రూపాయలు. బయటి కొట్లో బియ్యం మూడు రూపాయల చేరువలో ఉన్నాయనుకుంటే, పొద్దున్నించి సాయంత్రం దాకా నడుము వంచి నాట్లు వేస్తే రెండు కిలోల బియ్యం వచ్చేవి. అందులోనే ఉప్పు, మిరపకాయలు, నూనె, దీపానికి కిరోసిన్ చూసుకోవాలి. అందుకే వారు బియ్యానికి బదులు నూకలు కొనేవారు. నెల సరుకులన్న మాట వారికి లేదు. సాయంత్రం కూలి డబ్బు చేతికొచ్చాక కొట్టు ముందు నిలబడి పావలా నూనె, పది పైసల ఉప్పు, ఇంకో పది పైసల చింతపండు అని అడిగేవారు. ఇలా కొనేవారికి ఏ కాలంలోనూ ఏదీ చవకగా దొరకదు, ఎందుకంటే చిన్న పొట్లంలో కట్టిన సరుకు ధర ఎప్పుడూ ఎక్కువే. ఇప్పుడు అదే ఊళ్లో నాట్లకు ఆడవాళ్లకు నాలుగు వందలు, ఐదు వందలు ఇస్తున్నారు. సన్నబియ్యం అరవై అనుకున్నా రోజు కూలికి ఏడెనిమిది కిలోలు వస్తాయి. ఆనాటి ధరల జాబితాను ఈ ఆడవాళ్లలో ఎవరూ ఎవరికీ పంపగా నేను చూడలేదు.

కోస్తా డెల్టాలోనే ఇలా ఉంటే రాయలసీమలోనూ తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోనూ వరి అన్నమే రోజూ దొరికే తిండి కాదు. రాగి సంకటి, జొన్న రొట్టె, జొన్న గటక తిని బతికిన ఇళ్లలో తెల్లన్నం పండక్కో పెళ్లికో ఉడికేది. ఇప్పుడు మనం చిరుధాన్యాలను నెత్తిన పెట్టుకుంటున్నాం కాబట్టి అది గొప్ప ఆహారపు అలవాటులా కనిపించవచ్చు, కానీ ఆనాడు జొన్న తిన్నవారిలో ఎక్కువమంది బియ్యం కొనలేక తిన్నారు. ఈ సంగతి ఎన్నికల్లో నిలబడిన వారికి అర్థశాస్త్రం చదివిన వారికన్నా ముందే అర్థమైంది. 1983 ఎన్నికల ముందే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకు బియ్యం అంది. గెలిచి వచ్చిన ఎన్టీ రామారావు అదే ఏడాది ఏప్రిల్‌లో కిలో రెండు రూపాయల పథకాన్ని మొదలుపెట్టారు. పది పైసలు ఎక్కువైనా జనానికి గుర్తుండిపోయింది రెండు రూపాయల బియ్యమే. అన్నం అందుబాటులో ఉన్న రాష్ట్రంలో ఒక పార్టీ బియ్యం ధర మీద అంతటి ఎన్నిక గెలవడం జరిగే పని కాదు. ఆ విజయాన్ని ఎలా చదవాలో జాబితాలు వేసేవారు ఒకసారి ఆలోచించాలి.

ఇక ఆ రెండు రూపాయల వెనక ఉన్న వడ్ల లెక్క చూద్దాం. 1982-83లో కేంద్రం ప్రకటించిన సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 122 రూపాయలు. కిలో బియ్యానికి సుమారు కిలోన్నర వడ్లు కావాలి కాబట్టి వడ్ల ఖరీదే రూపాయి ఎనభై మూడు పైసలు. మిల్లు ఆడించడం, గోనె సంచి, రవాణా, గిడ్డంగి కలిపితే రెండు రూపాయలు దాటుతుంది, కానీ ఎన్నో రెట్లు కాదు. అంటే ఆ బియ్యం చవకగా ఉండటానికి ప్రభుత్వం పెట్టిన సబ్సిడీ ఎంత కారణమో, రైతుకు కిలో వడ్లకు రూపాయి ఇరవై రెండు పైసలే ముట్టడం అంతకన్నా పెద్ద కారణం. ఆ మద్దతు ధర 1990-91లో 205, 2000-01లో 510, 2010-11లో వెయ్యి, 2024-25లో 2300. పై లెక్కలన్నీ ఒకచోట పెట్టండి. 1980ల తొలి ఏళ్ల నుంచి నేటికి మా ఊళ్లో ఆడకూలి డెబ్బై రెట్లకు పైగా పెరిగింది, ఉపాధ్యాయుడి జీతం యాభై రెట్లు పెరిగింది, వడ్ల మద్దతు ధర మాత్రం 2024-25 నాటికి పందొమ్మిది రెట్ల లోపే ఆగింది. దిగుబడి పెరిగిందన్న మాట నిజమే. దానితో పాటే కౌలు, ఎరువు, పురుగుమందు, కోత యంత్రం అద్దె కూడా పెరిగాయి. ‘ధరలు మండిపోతున్నాయి’ అన్న మాటను కూలి, జీతాల కన్నా తక్కువ పెరుగుదల చూసిన సరుకుతోనే మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది.

ఆ చవకను నిలబెట్టడానికి ఒక పెద్ద యంత్రాంగమే ఉండేది. మిల్లర్లు ఆడించిన బియ్యంలో ఇంత వంతు ప్రభుత్వానికి నిర్ణీత ధరకు ఇచ్చి తీరాలన్న లెవీ 2015 దాకా నడిచింది. జిల్లా సరిహద్దుల్లో, రాష్ట్ర సరిహద్దుల్లో తనిఖీ కేంద్రాలు వడ్ల లారీలను ఆపేవి. తమిళనాడులోనో కర్ణాటకలోనో ధర ఎక్కువ పలుకుతున్నా కోస్తా రైతు గింజ గడప దాటేది కాదు. మిల్లరు తన మీద పడిన భారాన్ని తేమ, తాలు, తరుగు పేరుతో రైతు మీదికి తోసేవాడు. నగరంలో కూర్చుని పాత బియ్యం ధర గుర్తు చేసుకునేవారికి ఈ కళ్లాల కథ తెలిసే వీలు లేదు. కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో నాట్లు వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. గోదావరి కాలువ కింద భూమి ఉన్నవాడు పొలాన్ని బీడుగా వదిలేయడమేమిటని అడిగారు. వేస్తే వచ్చే నష్టం వేయకపోతే వచ్చే నష్టం కన్నా ఎక్కువన్నది వారి సమాధానం. మన పళ్లెంలోని చవకకు ఎవరి జేబులోంచి డబ్బు పోతోందో అంత సూటిగా చెప్పిన సంఘటన నాకు మరొకటి గుర్తు రాదు.

టమాటా, కందిపప్పుల సంగతి వేరు. వీటి బాధ ధర ఎప్పుడూ ఎక్కువ ఉండటం కాదు, ఒక చోట నిలవకపోవడం. 2023 జులైలో టమాటా కిలో నూరు దాటినప్పుడు టీవీలన్నీ మదనపల్లె మార్కెట్ యార్డు చుట్టూ తిరిగాయి. అదే టమాటా పత్తికొండ మార్కెట్‌లో కిలో రూపాయికి పడిపోయి, రైతులు బుట్టలు రోడ్డు మీద కుమ్మరించిన రోజులు ఒకటి కాదు. ఆ రోజుల్లో మాత్రం ‘టమాటా రూపాయికి వచ్చేసింది’ అని ఎవరూ వాట్సాప్‌లో పండగ చేయలేదు, ఎందుకంటే మన వీధి చివర అది ఇరవైకే దొరికింది. 2015లో కందిపప్పు రెండు వందల దాకా పోయింది. మరుసటి ఏడు అందరూ కంది వేశారు, పంట విరగకాసింది, కందుల ధర క్వింటాలుకు 5050 రూపాయల మద్దతు ధరకు దిగువకు జారింది. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు ఈ అగాధాన్ని కొంతయినా పూడ్చాయి. రైతుకూ కొనేవారికీ మధ్య ధరను ఉదయాన్నే బోర్డు మీద సుద్దముక్కతో రాసి పెట్టే ఆ ఏర్పాటు నా దృష్టిలో ఈ రాష్ట్రంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. ధర తగ్గించడం కన్నా దాన్ని నిలబెట్టడం ముఖ్యమని అక్కడ కూరలు అమ్ముకునేవారికి బాగా తెలుసు.

ఇంతవరకు చదివిన వారికి నేను ధరల పెరుగుదలను వెనకేసుకొస్తున్నానన్న అనుమానం రావచ్చు. పెట్రోలు దగ్గరికి వద్దాం, అక్కడ నా మాట మారుతుంది.

ముందు చవక పెట్రోలు అన్న జ్ఞాపకాన్ని సరిచూసుకోవాలి. 1980ల్లో మా ఊళ్లో పెట్రోలు కొనే ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మోతుబరి ఇంట్లో మోటారు సైకిలు, డాక్టరుగారికి స్కూటరు ఉండేవి. మా నాన్నగారు ఉద్యోగ విరమణ దాకా సైకిలే తొక్కారు. మిగతా ఊరికి ఇంధనమంటే పొయ్యిలోకి పుల్లలు, పిడకలు, లాంతరులోకి కిరోసిన్. చౌక దుకాణంలో కిరోసిన్ వచ్చిందన్న కబురు రాగానే డబ్బాలు వరుసలో పెట్టి, మనుషులు వేపచెట్టు నీడన కూర్చునేవారు. మధ్యాహ్నానికి అయిపోయిందన్న మాట వినడమూ మామూలే. రాత్రి పిల్లల చదువు ముగియగానే అమ్మ లాంతరు వత్తిని గింజంతకు తగ్గించేది. ఆ కిరోసిన్‌ను చవకగా ఇవ్వడానికే ఆనాటి ప్రభుత్వాలు పెట్రోలు మీద ధర ఎక్కువ వేసేవి. ఇంధన ధరలను ప్రభుత్వమే నిర్ణయిస్తూ 2002 దాకా నడిచిన పాలిత ధరల విధానంలో ఒక ఇంధనం మీద వసూలు చేసి మరొక దాని లోటు పూడ్చేవారు. అంటే జాబితాల్లో కనిపించే ఆ పెట్రోలు ధర ఆ కాలపు మనిషికి చవక కాదు, కలిగినవారి వస్తువుకు వేసిన ధర.

వంట గ్యాసుకు ధర ఒక్కటే అడ్డు కాదు, వరుస కూడా. కనెక్షను కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడటం, ఎంపీ గారి కోటాలో కూపన్ కోసం తిరగడం, అల్లుడికి లాంఛనాల్లో గ్యాస్ కనెక్షన్ అడగడం నా తరం వారందరికీ తెలుసు. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు కనెక్షన్లు ఇచ్చేదాకా పల్లెల్లో పేదింటి వంటగదిలోకి సిలిండరు రాలేదు. దొరకని వస్తువు ఎంత చవకైతే ఏం లాభం? వెదురు గొట్టంతో పొయ్యి ఊది ఊది కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్ల లెక్క ఏ ధరల పట్టికలోనూ పడదు.

ఆ తర్వాతి దశలోని చవక కూడా ఉచితంగా రాలేదు. 2004 తర్వాత అంతర్జాతీయ చమురు ధర ఎగబాకి, 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లకు చేరినా దేశంలో పెట్రోలు, డీజిలు, గ్యాసు ధరలను అదుపులో ఉంచారు. అందుకోసం చమురు కంపెనీలకు లక్ష కోట్ల రూపాయలకు పైగా విలువైన బాండ్లు, అంటే తర్వాత తీరుస్తామన్న అప్పు పత్రాలు ఇచ్చారు. వాటి చివరి వాయిదాలు 2025-26 దాకా వచ్చాయి. ఆనాడు తక్కువ ధరకు బండి నింపుకున్నవారి బిల్లులో కొంత భాగం ఇప్పటి పిల్లల పన్నుల్లోంచి కట్టారన్నమాట. 2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను మార్కెట్‌కు వదిలారు. 2017 జూన్ నుంచి ధర రోజూ మారుతుందన్నారు. ఈ సంస్కరణ వెనక చెప్పిన మాట సబబైనదే. ప్రపంచంలో ధర పెరిగితే మనమూ ఎక్కువ కడదాం, తగ్గితే మనకూ తగ్గుతుంది.

తగ్గినప్పుడు తగ్గలేదు, అదే నా ఫిర్యాదు. 2014 మొదట్లో లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం 9 రూపాయల 48 పైసలు. 2014 మధ్య నుంచి చమురు ధర కూలుతూ 2016 జనవరిలో బ్యారెల్ 30 డాలర్ల దిగువకు వచ్చింది. 2014 నవంబరు నుంచి పదిహేను నెలల్లో సుంకాన్ని విడతలు విడతలుగా పెంచుకుంటూ పోయారు. 2020లో కోవిడ్ లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా చమురు కొనే దిక్కులేక ఉన్నప్పుడు, మే నెలలో ఒక్క దెబ్బన పెట్రోలు మీద పది, డీజిలు మీద పదమూడు రూపాయలు పెంచారు. దానితో పెట్రోలు మీద కేంద్ర సుంకం 32 రూపాయల 98 పైసలకు చేరింది. తర్వాత 2021 నవంబరులోనూ 2022 మేలోనూ తగ్గించి 19 రూపాయల 90 పైసలకు తెచ్చినా, అది 2014 నాటి సుంకానికి రెట్టింపు పైనే. 2025 ఏప్రిల్‌లో మళ్లీ రెండు రూపాయలు పెంచారు. బంకులో ధర మారలేదు కాబట్టి చాలామంది గమనించలేదు. చమురు ధర తగ్గడం వల్ల మనకు రావాల్సిన రెండు రూపాయలు అలా దారిలోనే ఆగిపోయాయి.

ఈ పాపం ఢిల్లీది మాత్రమే అనడానికి లేదు. తెలంగాణలో పెట్రోలు మీద రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, అంటే వ్యాట్, 35.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్సు పేరుతో మరో రూపాయి. శాతంలో వేసిన పన్ను కాబట్టి ధర పెరిగినప్పుడల్లా రాష్ట్రానికి ఆదాయం దానంతటదే పెరుగుతుంది, ఎవరూ వేలెత్తి చూపించుకోవాల్సిన పని లేకుండా. కాకినాడ, కోనసీమల వారికి ఇది పాఠాల్లో చదివే విషయం కాదు. గోదావరి ఒడ్డున యానాం ఉంది, అది పుదుచ్చేరిలో భాగం. అక్కడి బంకుల్లో లీటరుకు పది రూపాయలకు పైగా తేడా ఉన్న రోజులున్నాయి, కాబట్టి చుట్టుపక్కల ఊళ్ల బళ్లు అటు వెళ్లి నింపుకొస్తాయి. ఒకే చమురు, ఒకే కంపెనీ, మధ్యలో ఉన్నది రాష్ట్ర సరిహద్దు మాత్రమే. పెట్రోలు ధరలో సరుకు ఖరీదు ఎంత, పరిపాలన ఖరీదు ఎంత అని అడిగేవారిని నేనైతే యానాం వంతెన మీదికి తీసుకెళ్తాను.

ఇక్కడ నా వాదనకే ఎదురు వచ్చే ఒక లెక్క ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు మన రాష్ట్రంలో రోజు కూలి 80 రూపాయలు, పెట్రోలు యాభైకి అటూ ఇటూ. రోజు పనికి లీటరున్నర పైచిలుకు. 2024-25లో ఆ కూలి 300 రూపాయలు, హైదరాబాదులో పెట్రోలు 107. అంటే రెండు లీటర్ల ముప్పావు. పన్నుల బాదుడు ఇంత ఉన్నా కూలి మనిషికి పెట్రోలు అంతకుముందుకన్నా చేరువైంది, ఊళ్లో తాపీ మేస్త్రీల బళ్లు చూస్తే అది తెలుస్తూనే ఉంది. కానీ పన్ను ఎక్కువన్న ఫిర్యాదు దీనితో వీగిపోదు, ఇంకా బలపడుతుంది. మోతుబరి బండికి వేసిన పన్ను ఇప్పుడు మేస్త్రీ బండి మీదా, కూరగాయల ఆటో మీదా, పాల వ్యాను మీదా పడుతోంది. ఆదాయంతో సంబంధం లేకుండా అందరి దగ్గరా లీటరుకు ఒకే మొత్తం తీసుకునే పన్ను ఇది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలు, డీజిళ్లను దాని బయట ఉంచారు, ఇప్పటికీ బయటే ఉన్నాయి. లోపలికి తేవడానికి కేంద్రమూ రాష్ట్రాలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, ఏ పార్టీ ప్రభుత్వమూ ఇందులో మినహాయింపు కాదు.

అయినా అంత పెట్రోలు బాదుడు ఉన్నా తిండి చవకైందనే నేనంటున్నాను, మరి మధ్యతరగతి ఇంట్లో నెలాఖరు ఎందుకు అంత ఇరుకుగా ఉంటోంది? జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారం 1999-2000లో గ్రామీణ కుటుంబం ఖర్చులో తిండికి పోయేది 59.4 శాతం, 2022-23కి అది 46 శాతానికి దిగింది. అందులోనూ బియ్యం, గోధుమల వంటి తిండిగింజల వాటా అప్పట్లో 22 శాతానికి పైగా ఉండేది, ఇప్పుడు ఐదు శాతం కూడా లేదు. బియ్యం ధర గురించి అంతగా బాధపడే మనం ఇంటి ఖర్చులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ దాని గురించి మాట్లాడుతున్నామన్నమాట. మిగిలిన డబ్బు ఎటు పోతోందో ఎవరి ఇంటి లెక్క వారు చూసుకుంటే తెలుస్తుంది. ఎల్‌కేజీ ఫీజు, ఇంటర్మీడియట్ హాస్టలు ఫీజు, స్కానింగుల బిల్లు, ఇంటి అద్దె, ఫోన్ల రీఛార్జి. అమ్మ పద్దుల పుస్తకాల్లో బడి ఫీజు అన్న మాట ఒక్క పేజీలోనూ లేదు, ఎందుకంటే నాన్నగారు పాఠం చెప్పిన బడిలోనే మేం చదువుకున్నాం. జ్వరమొస్తే ప్రభుత్వ ఆసుపత్రి కాంపౌండరు ఎర్రమందు సీసాలో పోసి ఇచ్చేవాడు, సీసా మాత్రం మనదే. చవకగా ఉన్న ఆ రెండూ, బడి, ఆసుపత్రి, ఏ ధరల జాబితాలోనూ కనిపించవు. వాటికి అప్పుడు ధర లేదు కాబట్టి వాటిని పోగొట్టుకున్న సంగతి కూడా మనకు గుర్తు లేదు. నిట్టూర్పులు విడవాల్సింది వాటి గురించి, విడుస్తున్నది వేరుశనగ నూనె గురించి.

పాత ధరల జాబితాను చూసి నిజంగా కడుపు మండే హక్కు ఉన్నవారు మన చుట్టూ లేకపోలేదు. వారి ఆదాయం ఒక చోట ఆగిపోయి ఉంటుంది. జీతం పెరిగేవాడికి ధర పెరగడం ఒక పోటీ, కూలి పెరిగేవాడికీ అంతే. ప్రైవేటు ఫ్యాక్టరీలోనో నూలు మిల్లులోనో ముప్పై ఏళ్లు పనిచేసి, భవిష్య నిధి పింఛను మీద బతికే మనిషికి ఆ పోటీలో చోటే లేదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛనును 2014 సెప్టెంబరులో నెలకు వెయ్యి రూపాయలు చేశారు. పదేళ్లు గడిచినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉంది. ప్రభుత్వోద్యోగికి ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం లెక్క కట్టే చేతులే ఈ వెయ్యిని ముట్టుకోలేదు. 2014లో ఆ డబ్బుతో సబ్సిడీ సిలిండర్లు రెండు కొన్నా చేతిలో కాస్త మిగిలేది. 2025 ఏప్రిల్‌లో యాభై రూపాయలు పెరిగాక హైదరాబాదులో సిలిండరు తొమ్మిది వందలు దాటింది. ఒక్కటి తెచ్చుకుంటే ఆయన చేతిలో మిగిలేది కిలోన్నర సన్నబియ్యం డబ్బులు.